చేత్తో అల్లే టోపీలు, స్టోల్స్, దుప్పట్లు, ఇంటి వస్తువులు: ప్యాటర్న్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

సూదులు పట్టడం వచ్చినవాళ్లు కూడా ప్యాటర్న్ (ఎన్ని కుట్లు ఎక్కించాలో, ఏ వరస ఎలా అల్లాలో రాసి ఇచ్చేది) చేతికివ్వగానే ఆగిపోతారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు, వాళ్ల వదినలు, అమెరికాలో ఉన్న వాళ్ల అమ్మాయిలు అందరూ తిప్పి తిప్పి అడిగేవి దాదాపు ఇవే సందేహాలు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. జవాబులన్నిటి వెనకా నా పట్టుదల ఒకటే: ఆ వస్తువు ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, ఎలా ఉతుకుతారు అన్నది ముందు తేల్చుకోవాలి. దారం, సూది, ప్యాటర్న్ ఆ తర్వాతే.

## మొదలుపెట్టే ముందు

మాది విజయవాడ. ఈ ఎండల్లో ఊలు అల్లి ఏం చేసుకోవాలి?

ఊలు వద్దు, నూలు దారంతో అల్లండి. గిన్నెలు తుడిచే గుడ్డ, వేడి గిన్నె దించే మసిగుడ్డ, బల్ల మీద వేసే మ్యాట్, కూరగాయల సంచి, కళ్లజోడు పౌచ్ ఇవన్నీ నూలుతో చక్కగా వస్తాయి, రోజూ వాడకంలో ఉంటాయి. ఆఫీసులో ఏసీకి, రైల్లో ఏసీ బోగీకి నూలు స్టోల్ సరిగ్గా సరిపోతుంది. అసలు ఊలు టోపీలు, మఫ్లర్లు అరకు, లంబసింగి, ఆదిలాబాద్ చలికాలానికీ, చలిదేశాల్లో ఉన్న పిల్లలకీ పనికొస్తాయి. వాడేవాళ్లు లేని వస్తువు అల్లితే బీరువాలో పడి ఉంటుంది. అలాంటివి రెండు పోగుపడ్డాయంటే అల్లే ఉత్సాహమే పోతుంది.

నాకు క్రోషే వచ్చు. నిట్టింగ్ ప్యాటర్న్ కూడా అలాగే చదవొచ్చా?

చదివే అలవాటు పనికొస్తుంది, పని మాత్రం వేరు. క్రోషేలో ఒకే కొక్కెం, ఒకేసారి ఒక కుట్టు. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్లలో తరతరాలుగా చేస్తున్న లేసు పని అదే. నిట్టింగ్‌లో రెండు సూదులు, వరసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద నిలబడి ఉంటాయి. అందుకే నిట్టింగ్ బట్ట సాగుతుంది, మెత్తగా వాలుతుంది. క్రోషే బట్ట కాస్త బిగువుగా, మందంగా ఉంటుంది. టోపీ, స్టోల్, పసిపిల్లల దుప్పటి నిట్టింగ్‌లో బాగుంటాయి. బుట్ట, సంచి అడుగు లాంటి గట్టి వస్తువులకు క్రోషేనే మేలు. క్రోషే ప్యాటర్న్‌ను నిట్టింగ్‌లోకి లెక్కగట్టి మార్చడం అనవసరమైన శ్రమ. అదే వస్తువుకి నిట్టింగ్ ప్యాటర్న్ వెతుక్కోండి.

మొట్టమొదట ఏం అల్లాలి? అందరూ మఫ్లర్ అంటున్నారు.

మఫ్లర్ వద్దంటాను. ఒకే పని నెలల తరబడి సాగుతుంది, కొత్తవాళ్లు మధ్యలో వదిలేస్తారు. గిన్నెలు తుడిచే గుడ్డతో మొదలుపెట్టండి. కుట్లు ఎక్కించడం, పెంచడం, తగ్గించడం, ముగించడం నాలుగూ అందులోనే వస్తాయి. తప్పుపోయినా గిన్నెలు శుభ్రంగానే తుడుస్తుంది.

విదేశాల్లో తరాలుగా చేతులు మారుతూ వచ్చిన ఒక మూల నుంచి మూలకు అల్లే ప్యాటర్న్ ఇది. కాస్త లావు నూలు దారం 50 గ్రాములు, 4.5 మి.మీ. సూదులు తీసుకోండి.

4 కుట్లు ఎక్కించి ఒక వరస నిట్ (దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్టు) చేయండి. తర్వాత ప్రతి వరసా ఇలా: 2 నిట్, దారం ఒకసారి సూది మీదుగా తిప్పండి, మిగతావన్నీ నిట్. వరసకో కుట్టు పెరుగుతుంది, అంచు పక్కన చిన్న చిన్న రంధ్రాల బారు వస్తుంది. 44 కుట్లు వచ్చేదాకా ఇంతే. ఇక అక్కడి నుంచి ప్రతి వరసా ఇలా: 1 నిట్, రెండు కుట్లు కలిపి ఒక నిట్, దారం సూది మీదుగా, మళ్లీ రెండు కలిపి ఒక నిట్, మిగతావన్నీ నిట్. ఇప్పుడు వరసకో కుట్టు తగ్గుతుంది. 4 మిగిలాక ముగించేయండి. సుమారు 18–20 సెం.మీ. చదరపు గుడ్డ తయారవుతుంది.

పర్ల్ కుట్టు (దారం ముందుకు తెచ్చి వేసేది) అవసరమే లేదు. తిరగా బోర్లా తేడా ఉండదు. 44 దగ్గర ఆపకుండా పెంచుకుంటూ పోతే ఇదే ప్యాటర్న్ పాప దుప్పటి అవుతుంది.

మా చెల్లి కాన్పుకి నెలే ఉంది. దుప్పటి పూర్తవుతుందా?

రోజూ గంటో, గంటన్నరో కూర్చోగలిగితేనే చిన్న దుప్పటి అవుతుంది. లేదంటే టోపీ అల్లండి, వారంలో తేలిపోతుంది.

రెంటిలో ఏది అల్లినా కొన్ని జాగ్రత్తలున్నాయి. పెద్ద రంధ్రాల లేసు డిజైన్ వద్దు, పసివేళ్లు ఇరుక్కుంటాయి. బొచ్చు రాలే ఊలు వద్దు. గుండీలు, పూసలు, ఊలు బంతులు కుట్టకండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయే చోట వదులు దుప్పట్లు ఉంచవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ గట్టిగా చెబుతుంది, ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ కూడా పెట్టవద్దంటుంది. కాబట్టి మీరు అల్లే దుప్పటి ఒళ్లో పెట్టుకున్నప్పుడు చుట్టడానికీ, కింద పరిచి ఆడించడానికీ. ఇచ్చేటప్పుడు చెల్లికి ఆ మాట చెప్పి ఇవ్వండి.

ఉచితంగా మంచి ప్యాటర్న్‌లు ఎక్కడ దొరుకుతాయి? మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

2007లో మొదలైన రావెల్రీ సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే లక్షల ప్యాటర్న్‌లు కనిపిస్తాయి. ఉచితమైనవి, మీ దారం మందానికి తగ్గవి, మీ దగ్గరున్న మీటర్లలో అయ్యేవి అంటూ వడగట్టి చూడొచ్చు. అదే ప్యాటర్న్‌తో వేరేవాళ్లు అల్లిన ఫొటోలు కూడా ఉంటాయి. డిజైనర్ పెట్టిన ఫొటో కంటే నేను వాటినే నమ్ముతాను. ఊలు కంపెనీల సైట్లలోనూ ఉచితంగా ఇస్తారు.

మంచి ప్యాటర్న్‌లో గేజ్ (10 సెం.మీ.కి ఎన్ని కుట్లు పడాలన్న లెక్క), సూది మి.మీ.లలో, దారం గ్రాములు మీటర్లు రెండూ, పూర్తయ్యాక వచ్చే కొలత తప్పకుండా ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా కొత్తవాళ్లు దాన్ని పక్కన పెట్టడం మంచిది.

## దారం, సూదులు

షాపులో 4 ప్లై అంటారు, ప్యాటర్న్‌లో డీకే అంటుంది. రెండూ ఒకటేనా?

కాదు. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారన్నది. సన్న పోగులు నాలుగు పేనినా 4 ప్లైయే, లావు పోగులు నాలుగు పేనినా 4 ప్లైయే. మన దగ్గర లేబుళ్ల మీద ఆ మాటను బట్టి మందం తేల్చలేం. లేబుల్ మీద సూచించిన సూది సైజు చూడండి. సూది 3.25 మి.మీ. దగ్గర, 10 సెం.మీ.కి 28 కుట్లు అని ఉంటే ఫింగరింగ్ మందం. 4 మి.మీ., 22 కుట్లు అయితే డీకే. 4.5–5 మి.మీ., 18–20 కుట్లు అయితే వర్‌స్టెడ్. 6 మి.మీ., 14 కుట్ల దగ్గరుంటే బల్కీ. లేబుల్ పోయిందా, చిన్న ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టుకోండి.

ప్యాటర్న్‌లో చెప్పిన విదేశీ ఊలు మా ఊళ్లో దొరకదు. ఏం వాడాలి?

పేరు వదిలేసి మూడు సంగతులు పట్టుకోండి: మందం, 100 గ్రాములకు ఎన్ని మీటర్లు, దేనితో చేసింది. ఈ మూడూ దగ్గరగా ఉంటే లూధియానా మిల్లు ఊలైనా అదే పని చేస్తుంది. లావు దారం దొరక్కపోతే సన్నవి రెండు పోగులు కలిపి అల్లండి. రెండు ఫింగరింగ్ పోగులు కలిపితే సుమారు డీకే మందం వస్తుంది. అప్పుడు మీటర్లు రెట్టింపు కొనాలని మరిచిపోవద్దు. ప్యాటర్న్ 440 గజాలు అంటే సుమారు 400 మీటర్లు.

పీచు మారితే మాత్రం బట్ట తీరు మారుతుంది. ఊలు సాగి మళ్లీ దగ్గరికొస్తుంది, నూలు సాగితే అలాగే ఉండిపోతుంది. ఊలుకి రాసిన టోపీ ప్యాటర్న్ నూలుతో అల్లితే నాలుగు రోజుల్లో వదులైపోయి కళ్ల మీదికి జారుతుంది.

ప్యాటర్న్‌లో 8 నంబర్ సూది అని ఉంది. నా దగ్గర 8 నంబర్ ఉంది కానీ చాలా సన్నగా వస్తోంది. ఎందుకు?

అది అమెరికా నంబరు, మీ దగ్గరున్నది పాత బ్రిటిష్ నంబరు. మన పాత సూదుల మీద చాలావరకు బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. ఆ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 12 అంటే 2.75 మి.మీ., 10 అంటే 3.25, 8 అంటే 4, 6 అంటే 5 మి.మీ. అమెరికా పద్ధతిలో నంబరు పెరిగితే సూది లావవుతుంది: 6 అంటే 4 మి.మీ., 8 అంటే 5, 10 అంటే 6 మి.మీ. అంటే ప్యాటర్న్ అడిగింది 5 మి.మీ., మీరు పట్టుకున్నది 4 మి.మీ.

నంబర్లు పక్కన పెట్టి ఎప్పుడూ మి.మీ.లలోనే మాట్లాడుకోండి. అత్తగారి పెట్టెలో దొరికిన సూదుల మీద నంబరు చెరిగిపోయి ఉంటే, రంధ్రాలున్న కొలత పలక ఒకటి తక్కువ ధరకే దొరుకుతుంది. సూది సరిగ్గా దూరిన రంధ్రమే దాని సైజు.

దుప్పటి అడ్డంగా చదునుగానే ఉంటుంది కదా, సర్క్యులర్ సూది ఎందుకు అడుగుతున్నారు?

సర్క్యులర్ అంటే రెండు పొట్టి సూదులను తీగతో కలిపినది. ఇక్కడ అడిగేది గుండ్రంగా అల్లడానికి కాదు, కుట్లన్నీ పట్టడానికి. 35 సెం.మీ. సూది మీద 160 కుట్లు ఇరుక్కుంటాయి, చివరివి జారిపడతాయి. పైగా బరువంతా మణికట్టు మీద పడుతుంది. 80 లేదా 100 సెం.మీ. తీగ ఉన్న సర్క్యులర్ అయితే దుప్పటి బరువు ఒళ్లో కూర్చుంటుంది. వరస అయ్యాక మామూలు సూదుల్లాగే తిప్పి పట్టుకుని వెనక్కి అల్లండి.

ఎంత దారం కొనాలో ముందే ఎలా తెలుసుకోవాలి?

చిన్న వస్తువులకు ఉజ్జాయింపు చాలు. తుడిచే గుడ్డకు 50 గ్రాములు, పెద్దవాళ్ల టోపీకి డీకే అయితే 100 గ్రాములు సరిపోతాయి, మఫ్లర్‌కు 200 దగ్గర.

దుప్పటికి మాత్రం లెక్క వేసుకోండి. ఒక ఉండ కొని 15 సెం.మీ. చదరపు ముక్క అల్లి వంటింటి త్రాసు మీద తూచండి. 9 గ్రాములు వచ్చిందనుకుందాం. ముక్క వైశాల్యం 225 చ.సెం.మీ. 75 × 90 సెం.మీ. దుప్పటి వైశాల్యం 6,750. అంటే ముక్కకు 30 రెట్లు, 270 గ్రాములు. దాని మీద పదోవంతు, అంచు ఉంటే ఇంకాస్త వేసుకుని 310 కొనండి.

మొత్తం ఒకేసారి, ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసినవని లేబుల్ మీద ఉండే గుర్తు) చూసి తీసుకోండి. ఉండ మీద చూస్తే ఒకే తెలుపు అనిపించినవి దుప్పటి పరిచాక గీత గీసినట్టు వేరుగా తెలుస్తాయి. తప్పనిసరై వేరే లాట్ కలపాల్సి వస్తే, కొన్ని వరసల పాటు పాతది రెండు వరసలు, కొత్తది రెండు వరసలు మార్చి మార్చి అల్లండి. తేడా అంతగా కనబడదు.

వంటింటి వస్తువులకు యాక్రిలిక్ వాడొచ్చా? రంగులు బాగున్నాయి, ధర తక్కువ.

మసిగుడ్డలకు, వేడి గిన్నె కింద పెట్టే మ్యాట్లకు అస్సలు వాడొద్దు. యాక్రిలిక్ వేడికి కరుగుతుంది, చేతికి అంటుకుంటే కాలుతుంది. నూలే వాడండి, అదీ రెండు పొరలుగా. ఒక్క పొరైతే కుట్ల సందుల్లోంచి వేడి తగులుతుంది. తడి గుడ్డతో వేడి గిన్నె పట్టుకోవద్దు, నీరు వేడిని వెంటనే చేతికి చేరుస్తుంది. తుడిచే గుడ్డలకూ యాక్రిలిక్ నీళ్లు పీల్చదు కాబట్టి దండగ.

పసిపిల్లల దుప్పటికి, టోపీలకు, సోఫా మీద వేసే త్రోలకు యాక్రిలిక్ బాగానే ఉంటుంది. మెషీన్‌లో ఉతకొచ్చు, కొత్త తల్లికి అంతకంటే కావలసింది లేదు.

అమెరికా వెళ్తున్నాను. విమానంలో సూదులు తీసుకెళ్లనిస్తారా?

అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ నిబంధనల ప్రకారం అల్లిక సూదులు చేతి సంచిలో పెట్టుకోవచ్చు, అయినా తుది నిర్ణయం అక్కడున్న అధికారిదే. మన ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడే బదులు లోహపు సూదులన్నీ చెకిన్ సూట్‌కేసులో వేయండి. సగం అల్లినది ఉంటే కుట్లను లావు దారం మీదికి ఎక్కించి సూది తీసేయండి. ఆరు నెలలు అమ్మాయి దగ్గర ఉండబోతున్నవాళ్లు ఇక్కడి నుంచి సూదులు తీసుకెళ్లి ఊలు అక్కడ కొనుక్కోవచ్చు. నీలగిరుల్లోని కేత్తిలో తయారయ్యే పోనీ సూదులు నాణ్యమైనవే.

## ప్యాటర్న్ చదవడం

అన్నీ పొడి అక్షరాలే ఉన్నాయి. ముందు ఏవి నేర్చుకోవాలి?

చిన్న వస్తువులకు ఎనిమిది చాలు. కె అంటే నిట్, పి అంటే పర్ల్. పక్కన అంకె ఉంటే అన్ని కుట్లు: కె3 అంటే మూడు నిట్. వైఓ అంటే దారం సూది మీదుగా తిప్పడం. కె2టాగ్ అంటే రెండు కుట్లు కలిపి నిట్, కుడివైపు వాలుతుంది. ఎస్ఎస్‌కే కూడా రెంటిని ఒకటి చేసేదే, ఎడమవైపు వాలుతుంది. ఎస్ఎల్ అంటే అల్లకుండా కుట్టును పక్క సూదికి జరపడం. ఆర్ఎస్ అంటే పైకి కనబడే వైపు, డబ్ల్యూఎస్ అంటే లోపలి వైపు.

ఎప్పుడూ ఆ ప్యాటర్న్ మొదట్లో ఇచ్చిన పట్టికే ప్రమాణం. డిజైనర్‌ని బట్టి ఒకే పొడి అక్షరానికి చిన్న తేడాలు ఉంటాయి.

అమెరికా ప్యాటర్న్, ఇంగ్లండ్ ప్యాటర్న్ వేరువేరా?

నిట్టింగ్‌లో తేడా కొద్దిగానే. అమెరికా వాళ్ల బైండాఫ్, ఇంగ్లండ్ వాళ్ల కాస్టాఫ్ రెండూ ముగించడమే. అమెరికాలో గేజ్ అనేదే ఇంగ్లండ్‌లో టెన్షన్. స్టాకినెట్, స్టాకింగ్ స్టిచ్ ఒకటే, పైవైపు అంతా నిట్, లోపలి వైపు అంతా పర్ల్. ఒక్కచోట మాత్రం జాగ్రత్త: అమెరికా వాళ్లు సీడ్ స్టిచ్ (నిట్, పర్ల్ ఒకటి విడిచి ఒకటి గింజల్లా వచ్చేది) అనేదాన్ని ఇంగ్లండ్‌లో మాస్ స్టిచ్ అంటారు, అమెరికాలో మాస్ స్టిచ్ అంటే నాలుగు వరసల వేరే డిజైన్.

నక్షత్రం గుర్తు మధ్యలో ఉన్నది ఎన్నిసార్లు చేయాలి?

నక్షత్రం దగ్గర మొదలుపెట్టి, మళ్లీ చేయమన్న చోటిదాకా అల్లి, తిరిగి నక్షత్రం దగ్గరికి రావాలి. ఎన్నిసార్లు అన్నది పక్కనే ఉంటుంది. చివరి 3 కుట్ల వరకు అని ఉంటే, సూది మీద మూడు మిగిలేదాకా తిరగేసి ఆ మూడింటికీ విడిగా చెప్పింది చేయాలి. మెలిక ఒక్కటే: నాలుగుసార్లు రిపీట్ అంటే మొదటిసారి చేసినది కాక ఇంకో నాలుగు, అంటే మొత్తం ఐదు. నాలుగుసార్లు వర్క్ చేయమంటే మొత్తం నాలుగే. సందేహం వస్తే మొత్తం కుట్లు కూడి చూడండి, లెక్క ఏది సరిపోతే అదే.

మల్టిపుల్ ఆఫ్ 8 ప్లస్ 3 అంటే? నాకు కావలసిన వెడల్పుకి ఎలా మార్చుకోవాలి?

డిజైన్ 8 కుట్లకోసారి తిరిగి వస్తుంది, రెండు చివరలూ ఒకేలా ఉండటానికి అదనంగా 3 కావాలి. మీకు 75 సెం.మీ. వెడల్పు కావాలి, 10 సెం.మీ.కి 22 కుట్లు పడుతున్నాయనుకోండి. 75 సెం.మీ.కి 165 కుట్లు. దానికి దగ్గరగా 8 × 20 + 3 = 163. అంచుకు రెండు వైపులా ఐదేసి కుట్లు కలిపితే 173 ఎక్కించండి. ఈ ఒక్క లెక్క చేతికొస్తే స్టోల్ ప్యాటర్న్‌ని దుప్పటిగా, దుప్పటి ప్యాటర్న్‌ని బల్ల మ్యాట్‌గా మీరే మార్చుకోవచ్చు. చదరంగా, దీర్ఘచతురస్రంగా ఉండే వస్తువులతోనే నేర్చుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే.

టోపీ ప్యాటర్న్‌లో 72 (96, 112) అని ఉంది. అన్నీ ఎక్కించాలా?

ఒక్కటే. బ్రాకెట్ బయటిది చిన్న సైజు, లోపలివి వరసగా పెద్దవి. మొదలుపెట్టేముందే మీ సైజు అంకె చుట్టూ ప్యాటర్న్ అంతా పెన్సిల్‌తో గీత పెట్టేయండి. టోపీ తల కంటే కాస్త చిన్నగా ఉంటేనే నిలుస్తుంది. తల 56 సెం.మీ. ఉంటే టోపీ 51–52 సెం.మీ., పసిపిల్లలకు తల కంటే 2–3 సెం.మీ. తక్కువ. గేజ్ 22 అయితే 51 సెం.మీ.కి 112 కుట్లు.

గళ్ల చార్ట్ ఎటు నుంచి చదవాలి?

కింది నుంచి పైకి. పైకి కనబడే వైపు వరసలు కుడి నుంచి ఎడమకు, లోపలి వైపు వరసలు ఎడమ నుంచి కుడికి. తెలుగు చదివే అలవాటులో ఎడమ నుంచి మొదలుపెట్టేస్తాం, డిజైన్ తిరగబడుతుంది. టోపీలాగా గుండ్రంగా అల్లేటప్పుడు అన్ని వరసలూ కుడి నుంచి ఎడమకే. లోపలి వైపు వరసలో గడి గుర్తు అర్థం మారుతుంది: ఖాళీ గడి పైవైపు నిట్, లోపలి వైపు పర్ల్. అల్లుతున్న వరసకు పైన ఒక స్కేలు పెట్టుకుని, వరస అయిన కొద్దీ పైకి జరుపుకోండి.

వర్క్ ఈవెన్, ఎట్ ద సేమ్ టైమ్ అంటే ఏం చేయమని?

వర్క్ ఈవెన్ అంటే కుట్లు పెంచకుండా, తగ్గించకుండా, అప్పటిదాకా అల్లుతున్న డిజైన్‌లోనే సాగమని. ఎట్ ద సేమ్ టైమ్ అని కనిపిస్తే ఆగి ఆ పేరా చివరిదాకా చదవండి. రెండు పనులు ఒకే వరసల్లో జరగాలని, ఉదాహరణకు డిజైన్ సాగుతుండగానే అంచు దగ్గర కుట్లు తగ్గించాలని దాని అర్థం. ఒక పని ముగించాక రెండోది చూస్తే అప్పటికే దాటిపోయి ఉంటారు.

యూట్యూబ్‌లో హిందీ వీడియోలే ఎక్కువ. వాటిని ప్యాటర్న్‌తో ఎలా పోల్చుకోవాలి?

సీధా అంటే నిట్, ఉల్టా అంటే పర్ల్. ఫందా అంటే కుట్టు. సలాయి అంటే సూది, చాలామంది వరసనూ సలాయి అనే అంటారు. జాలీ అంటే రంధ్రం వచ్చే కుట్టు, మన వైఓ. జోడా అంటే రెండు కలిపి ఒకటి చేయడం. ఈ ఆరు మాటలు తెలిస్తే ఆ వీడియోలన్నీ మీవే.

## గేజ్

ముక్క అల్లి కొలవడం తప్పనిసరా? నేరుగా మొదలుపెడితే ఏమవుతుంది?

తుడిచే గుడ్డకు, సంచికి అక్కర్లేదు. టోపీకి తప్పదు. దుప్పటికి, స్టోల్‌కు సైజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ దారం లెక్క తప్పుతుంది. 165 కుట్లు 22 గేజ్‌లో 75 సెం.మీ. వస్తాయి. మీ చేయి వదులై 20 పడితే 82 దాటుతుంది, బిగువై 24 పడితే 69 కూడా రాదు. వదులు చేతికి చివరి జానెడు మిగిలి ఉండగా ఊలు అయిపోతుంది.

15 సెం.మీ. ముక్క అల్లి, వస్తువును ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరాక మధ్యలో 10 సెం.మీ. కొలవండి. అంచుల దగ్గర కొలిస్తే తప్పు లెక్క వస్తుంది.

నా గేజ్ కలవడం లేదు. చేయి బిగించి అల్లాలా?

వద్దు. చేయి బిగిస్తే పది వరసల తర్వాత మళ్లీ మీ మామూలు తీరుకే వస్తుంది, బట్ట ఎగుడుదిగుడవుతుంది. సూది మార్చండి. కుట్లు ఎక్కువ పడుతుంటే లావు సూది, తక్కువ పడుతుంటే సన్న సూది. కుట్లు కలిసి వరసలు కలవకపోతే దుప్పటికి, మఫ్లర్‌కు పట్టించుకోవద్దు, సెం.మీ. చూసుకుని ఆపండి.

## అల్లుతుండగా

40 కుట్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు 47 ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయి?

రెండు చోట్ల నుంచి. మొదటిది అంచు: వరస మొదట్లో దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగితే మొదటి కుట్టు కాళ్లు రెండూ పైకి లేచి రెండు కుట్లలా కనబడతాయి, మీరు రెంటినీ అల్లేస్తారు. దారం కిందినుంచే వెనక్కి వెళ్లాలి. రెండోది మధ్యలో: నిట్ నుంచి పర్ల్‌కు మారేటప్పుడు దారం రెండు సూదుల మధ్యనుంచి ముందుకు రావాలి. సూది మీదుగా వస్తే అది వైఓ అయి, కొత్త కుట్టూ రంధ్రమూ వస్తాయి. వరస చివర కుట్లు లెక్కపెట్టే అలవాటు చేసుకోండి. పెద్ద దుప్పటి అయితే 20 కుట్లకో మార్కర్ (సూదికి తగిలించే గుర్తు రింగు) తగిలించండి, ఎక్కడ పెరిగిందో వెంటనే తెలుస్తుంది.

మఫ్లర్ అంచులు లోపలికి చుట్టుకుపోతున్నాయి. ఇస్త్రీ చేస్తే పోతుందా?

పోదు. ఒకవైపు అంతా నిట్, రెండోవైపు అంతా పర్ల్ ఉండే స్టాకినెట్ స్వభావమే అది. నిట్, పర్ల్ రెండు వైపులా సమానంగా ఉండే బట్ట చుట్టుకోదు: అన్ని వరసలూ నిట్ చేసే గార్టర్, సీడ్ స్టిచ్, నిట్ పర్ల్ నిలువు చారలుగా వచ్చే రిబ్. దుప్పటి మధ్యలో స్టాకినెట్ కావాలంటే పక్కలకు ఐదారు కుట్లు, పైనా కిందా ఎనిమిది పది వరసలు గార్టర్ అంచు వేయండి. అంచు మరీ సన్నగా ఉంటే అది కూడా మడత పడుతుంది.

మధ్యలో లేచాను. తిరిగి వచ్చాక ఎటు అల్లాలో తెలియడం లేదు.

ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది చివరి కుట్టుకు వేలాడుతోందో ఆ సూది కుడిచేతికి రావాలి.

పది వరసల కింద ఒక కుట్టు జారిపోయింది. మొత్తం విప్పాలా?

అక్కర్లేదు. జారిన కుట్టు పైన నిచ్చెన మెట్లలా అడ్డ పోగులు కనబడతాయి. క్రోషే కొక్కెం ముందువైపు నుంచి కుట్టులోకి దూర్చి, దాని పైనున్న పోగును పట్టి కుట్టులోంచి లాగండి. ఒక మెట్టు ఎక్కినట్టే. అలా పైదాకా వచ్చి సూదికి ఎక్కించండి. కుట్టు పర్ల్ అయితే బట్ట తిప్పి వెనకవైపు నుంచి ఇదే చేయండి. ఆ లోపు ఇంకా కిందికి జారకుండా ఒక పిన్నీసు తగిలించండి.

లేసు డిజైన్‌లో ఇలా సరిచేయడం కష్టం. లేసు అల్లేటప్పుడు డిజైన్ ఒకసారి పూర్తయిన ప్రతిచోటా కుట్లన్నిటిలోంచి వేరే రంగు సన్న దారం గుచ్చి ఉంచండి. ఏం జరిగినా అక్కడిదాకా ధైర్యంగా విప్పేయొచ్చు.

మిగిలిన దారం ముగింపుకి సరిపోతుందా?

ఒక వరసకైనా, ముగించడానికైనా బట్ట వెడల్పుకి కనీసం మూడు రెట్లు, భయం లేకుండా ఉండాలంటే నాలుగు రెట్లు దారం ఉండాలి. మూల నుంచి మూలకు అల్లే దుప్పటి అయితే త్రాసు పక్కన పెట్టుకోండి. 300 గ్రాములు కొంటే 145 గ్రాములు వాడగానే తగ్గించడం మొదలుపెట్టాలి. కొత్త ఉండ ఎప్పుడూ వరస అంచులో కలపండి, 15 సెం.మీ. కొస వదలండి.

గంట అల్లితే బొటనవేలు, మణికట్టు నొప్పి పుడుతున్నాయి.

సూదిని గట్టిగా నొక్కి పట్టుకుంటున్నారేమో చూసుకోండి, కుట్లు జరుపుతుంటే సూది మీద కిర్రుమంటే అదే. చెక్క లేదా వెదురు సూదులకు మారండి, దుప్పటికి సర్క్యులర్ వాడండి. నూలు సాగదు కాబట్టి చేతికి ఊలు కంటే శ్రమ ఎక్కువ, అరగంటకోసారి ఆపండి. ఆపినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

## పూర్తయ్యాక

బ్లాకింగ్ చేయాలా? ఎలా?

చల్లని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి నీరు తీసేసి, చదునుగా పరిచి ప్యాటర్న్ కొలతకు సర్ది, ఫ్యాన్ కింద ఆరనివ్వడమే బ్లాకింగ్. లేసు స్టోల్‌కు దీనితోనే అందం వస్తుంది. ముడుచుకున్న డిజైన్ తెరుచుకుంటుంది. అంచులు సాగదీసి గుచ్చే పిన్నులు తుప్పు పట్టనివై ఉండాలి. దండెం మీద మాత్రం ఆరేయొద్దు, తడి బరువుకి కిందికి సాగి మళ్లీ దగ్గరికి రాదు. యాక్రిలిక్ నీళ్లతో ఆకారం నిలుపుకోదు. దూరం నుంచి ఆవిరి కొద్దిగా పట్టాలి, ఇస్త్రీ పెట్టె తగిలితే బట్ట చచ్చుబడి మెరుపు వస్తుంది.

కొసలు ముడివేసి కత్తిరించాను, ఊడిపోతున్నాయి.

ముడి మీద ఆధారపడొద్దు. లావు కన్ను, మొండి మొన ఉన్న సూదితో కొసను లోపలి వైపు కుట్ల దారి వెంట నాలుగైదు సెం.మీ. పోనిచ్చి, దిశ మార్చి ఇంకో రెండు సెం.మీ. వెనక్కి తేండి. నూలు నున్నగా ఉంటుంది, ఇంకాస్త పొడవు కావాలి. చదరాలు కలిపి చేసే దుప్పటికి ఈ పని ముందే లెక్కేసుకోండి: 20 చదరాలు అంటే కనీసం 40 కొసలు. అందుకే మొదటి దుప్పటి ఒకే ముక్కగా అల్లమంటాను.

ఊలు వస్తువులు మన వానాకాలంలో ఎలా దాచాలి?

ఉతికి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. చెమట, తిండి మరకలున్న చోటే పురుగు ముందు కొడుతుంది. నాఫ్తలీన్ ఉండలు వేస్తే బట్టకు నేరుగా తగలకుండా గుడ్డలో కట్టండి, పసిపిల్లల వస్తువుల దగ్గర అవి అసలు వద్దు. మడత ఉన్నచోటే గీత పడకుండా నెలకోసారి విప్పి మడత మార్చి పెట్టండి. అసలు ఊలును వేడినీళ్లతో, మెషీన్‌లో ఉతికితే కుంచించుకుపోయి, అదిమి చేసిన దళసరి ఉన్ని చాపలా తయారవుతుంది. లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటేనే మెషీన్‌లో వేయొచ్చు.

కొన్న ప్యాటర్న్ పీడీఎఫ్ మా గ్రూపులో పెట్టొచ్చా? అల్లినవి అమ్మొచ్చా?

పీడీఎఫ్ పంచొద్దు, లింక్ పంపండి. దాని మీద హక్కు రాసినవాళ్లది, చాలామందికి ఆ అమ్మకాలే జీవనాధారం. ఉచిత ప్యాటర్న్‌కైనా లింకే పద్ధతి. గార్టర్, రిబ్, సీడ్ లాంటి కుట్లు ఎవరి సొత్తూ కాదు, వాటితో మీరు సొంతంగా లెక్కగట్టుకున్న దుప్పటి మీదే. అల్లిన వస్తువుల అమ్మకం గురించి డిజైనర్ తన షరతు ప్యాటర్న్ మీద రాస్తారు, చదివి గౌరవించండి. ధర కట్టేటప్పుడు దారం ఖర్చుతో ఆపేయకండి, మీ గంటలకూ లెక్క కట్టండి. మెషీన్ దుప్పటి ధరతో పోటీ పడితే అల్లేవాళ్లే నష్టపోతారు.

మిగిలిపోయిన ఉండలు ఏం చేయాలి?

లేబుల్‌తో సహా మందాన్ని బట్టి వేరు చేసి కవర్లలో పెట్టండి, నూలు, యాక్రిలిక్, ఊలు కలపకండి. ఒకే వస్తువులో కలిపితే ఉతికినప్పుడు ఒకటి కుంచించుకుని ఇంకోటి అలాగే ఉండి బట్ట వంకరపోతుంది. నూలు ముక్కలు చారల తుడిచే గుడ్డలకు. 30–40 గ్రాముల డీకే ఊలు ఉంటే పసిపిల్ల టోపీ ఒకటి వస్తుంది. ఇంకా చిన్నవైతే గార్టర్ చదరాలు అల్లండి. గార్టర్‌లో రెండు వరసలకు ఒక గట్టు వస్తుంది, ఎన్ని కుట్లుంటే అన్ని గట్లు అల్లితే కొలవకుండానే చదరం తేలుతుంది: 30 కుట్లు, 30 గట్లు. ఒక్కొక్కటి పూర్తవగానే దాని కొసలు అప్పుడే దాచేయండి.